విభూది బుధవారం, అసెంబ్లీ గేటు

గన్‌ఫౌండ్రీ కెథడ్రల్లో ఆరింటి పూజయ్యాక
నుదుటి బూడిద తుడుచుకోకుండానే
బయల్దేరాం, నేనూ సిస్టర్ శౌరమ్మా.
ఆమె సంచిలో ఎనిమిది పేజీల అర్జీ:
ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఒక చట్టం.

గేటు దగ్గర జవాను నుదురు చూసి
"ఏ గుడి నుంచమ్మా?" అన్నాడు.
"మట్టి నుంచి నాయనా" అంది సిస్టర్.
అతనికి అర్థం కాలేదు. పాస్ అడిగాడు.

నాలుగో క్లాజు టైపు చేసింది నేనే:
వారానికొక రోజు సెలవు, జీతం కోయకుండా.
మాతో రావాల్సిన ఇన్నాసమ్మ రాలేదు.
బంజారాహిల్స్‌లో అమ్మగారింటికి చుట్టాలట,
సెలవడగడానికి సెలవు దొరకలేదు.
రాత్రే వేలిముద్ర వేసి పంపింది,
సిరా చుట్టూ పసుపు మరక.

పదకొండు దాటాక పిలిచారు.
ఎమ్మెల్యే గారు మొదటి పేజీ చదివి
"బడులూ ఆసుపత్రులూ ఉన్నాయిగా,
చట్టాలతో మీకేం పని సిస్టర్?" అన్నారు.
ఆమె చివరి పేజీ తిప్పి
ఆ మరక మీద వేలు పెట్టింది.
"ఈమె రాలేకపోయింది.
ఎందుకో నాలుగో క్లాజులో ఉంది."

ఆయన కాసేపు ఫ్యాను కేసి చూశారు.
"వచ్చే సమావేశాల్లో చూద్దాం."
మూడేళ్ళుగా ఈ మాటకి
తేదీలేస్తూ వస్తున్నాను. ఫైలు లావెక్కింది.

బయట ఎండ.
చెమటకి సిస్టర్ నుదుటి బూడిద
కనుబొమ్మల్లోకి జారింది.
బస్టాపులో జిరాక్సులు లెక్కపెట్టి
"ఇంకా పదకొండున్నాయి, ఎవరెవరు మిగిలారు?" అంది.

ఇద్దరికీ ఉపవాసం.
సోడా బండి వైపు చూడకుండా
జాబితా తీశాను.