మంట పెట్టని కోట

ఉరవకొండలో మా సందుకు
రాత్రి ఎనిమిదిన్నరైతే మగ్గాలు నిలబడతాయి.
చౌడక్కత్త గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని
ఫోన్ను జరీ డబ్బాకు ఆనించి పెడతాది.
చైనా సీరియలు. రోజుకు రెండు భాగాలు, మొత్తం నలభై.
రాణీవాసంలో బట్టలు కుట్టే పిల్ల కథ.
మాటలు వాళ్లవి, కింద అక్షరాలు తెలుగువి,
చదివే గొంతు నాది.
తొమ్మిదిమంది ఆడోళ్లు,
వాకిట్లో బీడీ వంకతో మగోడొకడు.

మా కండెల్లో ఉండేది కూడా ఆ దేశం పట్టేనని
రేటు పెంచేటప్పుడు సావుకారు చెప్పినాడు ఒకతూరి.
"అట్లయితే ఆ పిల్ల మన సందు మనిషే" అనింది అత్త.

పదహారో రోజు, ముప్పైరెండు అయిపోయినాక,
సెల్లు బాగుచేసే దాదాపీరు వచ్చి
"మిగతా ఎనిమిదీ బయటికొచ్చేసినాయి" అన్యాడు గుసగుసగా.
ఎవరో ఎత్తుకొచ్చి వదిలినారంట.
పప్పు ఉడకకముందే కుండ దించినట్టు
ఎనిమిదీ నా ఫోన్లో పడినాయి.

ఎట్లుండాయంటే,
తెర మీద అడ్డంగా ఎవరిదో పేరు, బూడిదరంగులో.
మూలన అంకెలు పరిగెత్తుతాంటాయి.
పాట లేదు. గాలి చప్పుడు లేదు.
కొండలుండాల్సిన చోట పచ్చగుడ్డ.
కోట తగలబడతాంది, మంట లేదు.
లేని పొగకు అందరూ దగ్గుతాండారు.
కింద అక్షరాలూ లేవు.
"సదువు మే" అంటారు ఆడోళ్లు.
ఏం చదవల్ల? నోటికొచ్చింది చదివినా.
రాజు నోట్లో మా సావుకారి మాటలు పెట్టినా,
అందరూ నమ్మిరి.

అత్త మాత్రం రాలేదు.
"మగ్గం మీదుండే చీర ఎవరన్నా కట్టుకుంటారా" అని
లోపలికి పోయి పండుకుంది.

తెల్లారేసరికి సందంతా తెలిసిపాయె
పిల్ల చచ్చిపోతాదని.
ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఐదుమందే.
మరుసటిరోజు ముగ్గురు.
ఎదురింట్లో మగ్గం ఆగనే లేదు.
దాదాపీరు లెక్క వేరే:
"దొంగది చూసినోళ్లే అసలుదీ చూస్తారు.
నెల కిందట నా అంగట్లో ఈ పేరు అడిగినోడు లేడు,
ఇప్పుడు పాలుపోసే ఓబులేసు గూడా అడుగుతాండాడు."
కావచ్చు.
ఆ కంపెనీ మునిగిందో తేలిందో
ఉరవకొండలో ఎవరికి తెలుస్తాది?

నాకు తెలిసింది ఒకటుండాది, ఎవరికీ చెప్పలేదు.
పోయిన శ్రావణానికి ముందు
కేశన్నతో అత్త ఒక అంచు గీయించింది:
వేరుశనగ చెట్టు, ఊడలతో సహా,
ఆకు కింద తల వంచిన జింక.
అప్పు చేసి అట్టలు కొట్టించి జాకార్డుకు ఎక్కించింది.
చీర ఇంకా మూరెడు దిగలేదు,
నేను ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టినా.
మా అత్త చెయ్యి ఇది అని. అంతే, గర్వం.
చీర మగ్గం దిగేసరికి
అదే చెట్టు, అదే జింక, మరమగ్గం మీద నేసింది,
గుంతకల్లు అంగళ్లలో ఎనిమిదినూర్లు.
సావుకారు మజూరీలో మూడువేలు కోసినాడు.
అత్త ఇప్పటికీ దాదాపీరునే అనుమానిస్తాది.

ఆ ఎనిమిది భాగాలు వదిలినోడు గూడా
దొంగే అయ్యుండాలనేముంది.

ఆఖరు రోజు. నేను, అత్త. ఇద్దరమే.
ఇప్పుడు మంటలుండాయి, కొండలుండాయి, పాట ఉండాది.
రాజు మాటలు నేను చెప్పినవి కావు.
పిల్ల కూలిపాయె. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.
నాకు ఏడుపు రాలేదు.
నేను చూసినదాంట్లో ఆ తర్వాత ఇంకా పది సెకండ్లుండాయి:
ఎవరో అరుస్తారు,
పిల్ల లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుని
సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగుతాది.

చెప్పకుండా ఉండలేకపోయినా.

అత్త చానాసేపు గమ్మునుండి
"సచ్చినాక తాగిందా" అనింది.
"ఊ."
"సల్లటివేనా?"
"ఏమో అత్తా, సీసా కనపడింది, అంతే."
"పోనీలే, దప్పి తీరింది."

ఫోను కొంగుతో తుడిచి డబ్బాలో పెట్టింది,
గుంటలోకి కాళ్లు దించింది.
జింక సంగతి గూడా నా నోటిదాకా వచ్చింది.
అప్పటికే నాడె అటునుంచి ఇటొచ్చె.