గంట తేడా

వాన ఆగని ఊరు అంకుద్.
ప్రయోగశాల రేకుల మీద ఆ చప్పుడు
మాకు గోడ గడియారం కిందే లెక్క.

నాచు తూస్తూ తూస్తూ మూడేళ్ళు గడిచాయి.
తడి బరువు, ఎండు బరువు,
ఏ పోటుకు ఎంత పెరిగిందో
ఏ ఆటుకు ఎంత కోశారో,
అంతా కలిపి పదిహేడు పేజీలు, నాలుగు బొమ్మలు.
మొదటి పేరు మారిబెల్ ఓయార్సో,
రెండోది నాది.
మూడో పేరుకని కాస్త చోటు వదిలింది తను.
ఎవరికో చెప్పలేదు.

"ఎక్కడికి పంపుదాం?"
తూకం కన్నా కష్టమైన పని ఇదేనని
మాకెవరూ ముందు చెప్పలేదు.

పాత పోటు పట్టిక వెనక వైపు
పెన్సిలుతో పత్రికల పేర్లు రాసింది.
ఒక్కో పేరు పక్కన ఒక అంకె.
అంకె ఎంత పెద్దదైతే
వచ్చే ఏడు జీతం అంత ఖాయం.
కమిటీ వాళ్ళకు నాచు వాసన తెలీదు,
అంకెను మాత్రం ఆమడ దూరం నుంచే పసిగడతారు.

ముందు అన్నిటికన్నా పెద్దదానికి పంపాం.
తొమ్మిది గంటల్లో తిరిగొచ్చింది.
"మా పాఠకులకు ఇది మరీ స్థానికం."
మారిబెల్ కిటికీలోంచి చూసింది.
సముద్రం స్థానికంగానే ఉంది.

రెండోది వేస్తుందట, రుసుము కడితే.
ఆ డబ్బుకు పడవ మోటారొకటి వస్తుంది,
పాతదే అయినా నడిచేది.
ఇంగ్లీషు దిద్దించే ఖర్చు అదనం.
మావాళ్ళు ఏడు పేర్లతో పిలిచే బురదకు
అందులో ఒక్క మాటే దొరికింది.

ఈలోగా పిలవని పేరంటాలు:
"పూజ్య ఆచార్య ఓయార్సో గారికి,
దంతవైద్యంలో మీ కృషికి ముగ్ధులమయ్యాం..."
మూడు రోజుల్లో అచ్చు.
అరచేతిలో వైకుంఠం.
పొట్ట పట్టుకుని నవ్వాం.
నవ్వు ఆగాక, జూలై గడువు గుర్తొచ్చాక,
ఆ ఉత్తరం చెరిపేయడానికి తను
ఒక్క క్షణం ఎక్కువే తీసుకుంది.
నేను చూశాను.

ఆదివారం ఒర్ఫెలీనా నాన్‌కుపెల్ వచ్చింది
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో,
సంచిలో బంగాళాదుంపలతో.
మేం తూచిన నాచంతా ఆవిడ కోసిందే.
పట్టిక మీద వేలు జరుపుతూ అడిగింది:
"వీటిలో చేపల శాఖ గుమాస్తా చదివేది ఏది?
కోత ఎప్పుడు ఆపాలో
కాగితం మీద రాసేది వాడే కదా."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.
వరసలో అట్టడుగున, అంకె లేని చోట,
వాల్దీవియా నుంచి ఏడాదికి రెండుసార్లు
మా భాషలోనే వచ్చే పలచటి పత్రిక.
మారిబెల్ దాని కింద గీత గీయలేదు.
ఆవిడ ఉప్పు తిన్నాం కదా అని
నేనూ అనలేదు.
టీ చల్లారింది.

మే నెలలో దానికే పంపాం.
మూడు వారాలకు ఫోను.
సంపాదకుడట, ముసలి గొంతు, మధ్య మధ్య దగ్గు:
"మూడో బొమ్మలో పోటు వేళలు
ఏప్రిల్ మొదటి వారం నుంచీ గంట తేడా.
మీరు గడియారం తిప్పుకున్నారు సరే,
సముద్రానికి చెప్పారా?"

ఇద్దరం బొమ్మ మీదికి వంగాం.
నిజమే.
మూడేళ్ళలో మా కంట పడని గంటను
ఎవరో రూలరు పెట్టి వెతికి పట్టుకున్నారు.

ఫోను పెట్టేసి మారిబెల్ చాలాసేపు మాట్లాడలేదు.
"చదివాడు," అంది.
కాసేపాగి మళ్ళీ, "చదివాడు."

రాత్రంతా వేళలు సరిచేశాం.
మేం మురిసిపోయిన గీత ఒకటి కొంచెం వాలిపోయింది.
దాన్నలాగే ఉంచాం.
తెల్లవారుజామున మూడో పేరు చోట
ఒర్ఫెలీనా అని కొట్టింది తను,
ఒక అక్షరం తప్పుపోతే చెరిపి మళ్ళీ కొట్టింది.

జూలైలో కమిటీ అంకె ఎంతని అడిగింది.
లేదంది.
ఒప్పందం ఆరు నెలలకు కుదించారు.
ఆ సాయంత్రం తను ఎప్పటిలాగే
తక్కెడ తుడిచి, గుడ్డ కప్పి వెళ్ళింది.

పత్రిక ప్రతులు తపాలాలో తడిసి వచ్చాయి.
ఒకటి కోటు లోపల పెట్టుకుని
ఒర్ఫెలీనా గుమాస్తా దగ్గరికి బయల్దేరింది.
"చదువుతాడంటావా?" అన్నాను.
"చదివేదాకా అక్కడే కూర్చుంటా,
వాన ఎలాగూ ఆగదు."