చెవి దగ్గర

ఆదోనిలో అంగడి బల్ల మీద
రెండు బేరింగులు.
ఒకే అట్టపెట్టె, ఒకే అచ్చు,
ధరలో మాత్రం సగానికి సగం తేడా.

హుసేనప్ప పెట్టె చూడడు.
వేలికి తొడిగి
చెవి దగ్గర తిప్పుతాడు,
సంతలో ఎద్దు పండ్లు చూసినంత
నిదానంగా.

ఒకటి గొణిగింది.
ఒకటి ఊరకే తిరిగింది, తిరిగి తిరిగి
ఎప్పుడు నిలిచిందో తెలీలేదు.

"సేటు అగ్గవదే తెమ్మన్నాడు కదప్పా"
కుర్రోడి గుబులు.

పోయిన మాఘంలో
నాలుగో జిన్ను ఇరుసు బిగుసుకుని
ఒక్క నిప్పురవ్వ.
పత్తికి అది చాలు.
ఆయన ఎడమ కనుబొమ్మ
ఇంకా మొలవనే లేదు.

గొణిగినదాన్ని వెనక్కి తోసి
రెండోది రుమాల్లో చుట్టాడు.
తక్కువపడిన సొమ్ము
తన జేబులోదే.

ఈ రాత్రి మిల్లు మోతలో
దీని ఊసే వినబడదు.
అందుకే కొన్నాడు.