ముక్కు తర్వాతే నాలుక

బహ్రెయిన్, జుఫేర్‌లో రాత్రి ఒంటిగంట.
డ్యూటీ దిగి, నల్ల కోటు మేకుకు తగిలించి
బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి
రికార్డు నొక్కుతాను.
పై మంచం మీద మనీలా పిల్ల రోవెనా
దుప్పటి ముఖం మీదికి లాక్కుంటుంది.

సీసా చూపించను, పేరు చెప్పను,
మేనేజరుకి ఇచ్చిన మాట.
గ్లాసు అడుగున రెండు వేళ్ల ఎరుపు, అంతే.
"వంచండి. తెల్ల కాగితం మీద పట్టి అంచు చూడండి.
తిప్పండి. ఆగండి, తాగొద్దు.
ముందు ముక్కు. తర్వాతే నాలుక."

ఈ విద్యకు ఇంగ్లీషులో మాటలు బోలెడు.
పరీక్ష కోసం అన్నీ బట్టీ పట్టాను,
నేనెన్నడూ కొరకని పండ్ల పేర్లు,
ఎవరి కంచెల మీదో కాసే పొదల పేర్లు.
తెలుగులో చెప్పబోతే మొదటి రోజు
నోరు పెగల్లేదు.
అప్పుడు నాయిన యాదికొచ్చాడు.
కళ్లు మూసి ఒక్క గుక్క తీసుకొని
ఇది పోద్దాటి కల్లు, ఇది పండుతాటిది,
ఇది వాగు ఒడ్డు చెట్టుది, అనేవాడు.
అని, మోకు భుజాన వేసుకుని పోయేవాడు
అందులో గొప్పేమీ లేనట్టు.

అందుకని నేను
నేరేడు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు అన్నాను.
ఉసిరి కొరికి నీళ్లు తాగితే ఊరే తీపి అన్నాను.
కళాయి పోయిన గిన్నెలో చల్లారిన చారు అన్నాను.
బీడీలు చుట్టి లేచిన అమ్మ కొంగు అన్నాను,
అది చెప్పాక కాసేపు ఇంకేమీ అనలేకపోయాను.
చూసేవాళ్లు నూట నలభై మంది అయ్యారు.
దుబాయ్ నుంచి ఒక ఇంజనీరు ధరలే అడుగుతాడు.
ఒకాయన ఆడదానివి సిగ్గులేదా అని తిడతాడు,
తిడుతూ చివరిదాకా చూస్తాడు.

ఒక శుక్రవారం లైవ్‌లో కువైట్ నుంచి రాజనర్సు.
"అక్కా, ఈడ వైను దొరకది.
సులైమానీ పెట్టుకొని కూసున్న. నడుస్తదా?"
నడుస్తది, అన్నాను.

అతనిది సిమెంటు గోదాంలో పని.
జ్వరం వచ్చి పోయింది, ముక్కు మాత్రం రాలేదు.
ఏడాదిన్నరగా
పప్పు మాడినా తెలియదట,
గ్యాసు కారినా తెలియదట.
సెలవు మీద పోయి నెల బిడ్డ నడినెత్తిన
ముక్కు ఆనిస్తే
గాలి వచ్చిందట. ఒట్టి గాలి.

ఆ వారం నుంచి నేనూ గ్లాసులో సులైమానీ పోశాను.
ఇంజనీరు వెళ్లిపోయాడు. తిట్టేవాడు ఉన్నాడు.
లవంగం, నల్లబడిన ఎండు నిమ్మకాయ,
రాత్రంతా నానిన ఖర్జూరం.
"తిప్పు తమ్మీ. మెల్లగ లాగు ఊపిరి.
ఏం లేకున్నా, ఏం లేదని రాయి."
పుస్తకంలో రాసుకున్నాడు తొమ్మిది వారాలు:
లవంగం, ఏం లేదు. నిమ్మకాయ, ఏం లేదు.
ఒక వారం అది కూడా రాయలేదు, తేదీ వేసి ఊకున్నాడు.

పదో శుక్రవారం
ముఖం ఫోన్‌కు బాగా దగ్గరికొచ్చింది,
కళ్లద్దాల నిండా టీ ఆవిరి.
"అక్కా, ఏదో ఉన్నది.
మంచిది కాదు.
తడిసిన గోనెసంచి లెక్క."

ఆ వాసన పట్టుకోవడానికే
హోటల్లో నాకు జీతం.
బిరడా చెడిన సీసాలో అదే ఉంటుంది.
అతిథి పెదవికి తగలకముందే
క్షమించమని చెప్పి వెనక్కి తెచ్చి
సింకులో వంపేస్తాను.

అతనికి అది చెప్పలేదు.
"మళ్లా చూడు. ఏ తడి?
కడిగిన తడా, వాన తడా?"
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
అతని వెనక ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు.
"వానది," అన్నాడు.

పై నుంచి రోవెనా తల వేలాడేసి
ఏమైందని అడిగింది, ఎందుకు ఏడుస్తున్నావని.
గోనెసంచిని ఆమె భాషలో ఏమంటారో
నాకు తెలియదు.
గ్లాసు పైకి అందించాను.
ముందు ముక్కు, అని సైగ చేశాను.