సప్పుడు ఆగినంక ఉప్పు

నాకు వాసన పోయి రెండేండ్లు.
జ్వరమొచ్చింది, పదిరోజులుండి పోయింది,
పోయేటప్పుడు ముక్కులున్నదంత మూటగట్టుకపోయింది.
ఈ సంగతి మనామా సూక్‌ల ఇద్దరికే ఎరుక,
నాకూ, షజీర్‌కూ.
అర్బాబుకు తెలిస్తే ఇంకేమున్నది,
గింజలేంచెటోనికి ముక్కు లేదంటే
తూకమేసెటోనికి కండ్లు లేవన్నట్టే.

పని నేర్పిన ముసలాయన అబ్దుల్‌రసూల్ అనెటోడు,
"నాంపెల్లీ, ముక్కు చెప్తది, చెయ్యి ఆగుతది."
ఆయన పోయిండు. ఆయన ఎనుకనే నా ముక్కు.

మొదటి నెలల్నే ఒక గంగాళం మాడింది.
పది కిలోల అక్రోటు.
షజీర్ రేడియోల మలయాళం పాట మస్తు జోరుగుంది,
నేను తెడ్డు తిప్పుతనే ఉన్న.
వాడు మూతికి తువ్వాల కట్టుకొని ఉరికొచ్చి పొయ్యి ఆర్పిండు,
పొగల నా మొఖం చూసిండు,
ఏమడగలే.
అర్బాబుకు తన పేరు చెప్పిండు.
కోత వాని జీతంలనే పడ్డది.
ఇస్తనంటే తీసుకోలే,
మూడు నెలలు రెండుపూటల చాయ్ మాత్రం నాతోని తాపిచ్చుకున్నడు,
బిస్కెట్లతోటి.

అప్పటిసంది చెవుల్తోని ఏంచుతున్న.

ముందు ఉత్త గింజ, సన్న మంట.
బాదం లోపట చిటుకుమంటది, ఎవలో ఏలు ఇరిచినట్టు.
జీడిపప్పు నోరిప్పదు, దాన్ని రంగుతోనే పట్టాలె.
తీసి పక్కన పెట్టి
అదే గంగాళంల చక్కెర, ఇన్ని నీళ్ళు, దాల్చినచెక్క పొడి,
చిటికెడు మిరపపొడి నా సొంతం, కొట్ల రాసి లేదు.
గుడగుడ ఉడుకుతది. గింజలు పోస్త.
కొంతసేపటికి గరగర.
చక్కెరంత ఇసుకై పోతది,
బాదంపలుకులు బహ్రెయిన్ మట్టిల పొర్లినట్టు ఐతయి.
కొత్త పోరలు ఈడనే భయపడ్తరు, ఖరాబైందని దించుతరు.
దించొద్దు.
ఆ ఇసుక మళ్ళ కరుగుతది.
గరగర సన్నబడ్తది, సన్నబడ్తది,
ఒక్కపారి ఏమీ ఇనబడదు.

గదే యాళ్ళ.
సప్పుడు ఆగినంక ఉప్పు.
ముందేస్తె కరిగి ఉప్పగైతది,
ఎనుకేస్తె రాలి పళ్ళెంల పడ్తది.
ఊపిరి పట్టి చల్లి, బల్ల మీద గుమ్మరించి,
ఒక్కొక్క గింజను ఇడదీస్తుంటె
గోర్ల కింద కాలుతది. కాలనీ.
ముద్దైతె ఎవడు కొంటడు?

మొన్న పెద్ద హోటల్ వంటామె నాదీన్ వచ్చింది,
డబ్బా తెచ్చి గల్లా మీద ఠప్పున పెట్టింది.
జర్జీరాకు సలాడు మీద చల్లుతె మెత్తగ సాగుతున్నయంట,
గిరాకీలు పక్కకు తీసి పెట్టిండ్రంట,
పాత సరుకు అంటగట్టిండ్రంట.
అర్బాబు నాదిక్కు తిరిగి మూత తీసిండు,
"వాసన చూడు."

షజీర్ చేతుల పిస్తా గరిట ఆగింది.

నేను డబ్బా తీసుకున్న.
ముక్కు దాక తెచ్చిన, దాటిచ్చిన,
చెవి కాడ పెట్టి ఊపిన.
గలగల లేదు. దబ్, దబ్.
"రాత్రి మూత పెట్టలే మీరు.
మంచు కంటిటికీ దగ్గర్నో, కడుగుడు తొట్టి దగ్గర్నో ఉంచిండ్రు.
గింజ కొత్తదే, తడి తాగింది."

ఆమె ఏదో అనబోయి అనలే.
తొట్టి పక్కనే, అన్నది, శాన సేపటికి.
అర్బాబు గడ్డం నిమురుకుంట
"చూసినవా, నా మనిషి" అన్నడు,
ఆ మాటకు షజీర్ సంచులెనుక దగ్గుతున్నడు,
అది దగ్గు కాదని నాకెరుక.

ఒక గింజ నోట్లేసుకున్న.
తీపి తెలిసింది, ఉప్పు తెలిసింది.
రెంటి నడిమిట్ల ఒక జాగ ఉంటుండె.
అది ఖాళీ.

మళ్ళ సన్న మంట. పది నిమిషాలైతె బాగైతయి.
షజీర్,
గా రేడియో జర బంద్ చెయ్.