ఒక్క కాయ తక్కువ

రెండు తలుపుల ఇల్లు అది.
మొదటిది మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు.
నడుమ నిలబడి చెప్పులు మార్చాలె,
కొంగు దోపాలె, తెల్లకోటు తొడగాలె.
ఇంత జేసి లోపలికి పోతే
ఉన్నది మా చెల్కల ఉండే పల్లిచెట్టే.

నాలుగు రెక్కల ఆకు,
పొద్దుగూకంగనే ముడుచుకునే ఆకు.
పూవు రాలినంక ఊడ దించి
మట్టిల మొఖం దాచుకొని కాయగాసే సిగ్గరి చెట్టు.
చిన్నప్పటి సంది కలుపు తీసిన చేతులు నావి,
నాకే తేడా దొరకలె.

"కండ్లకు దొరకదు" అన్నది వహీదా మేడం.
"పారుడు రోగపు పురుగు తొడిగే అంగీ ఎట్లుంటదో
ఈ చెట్టుకు నేర్పినం.
పురుగు లేదు, ఉత్త అంగీనే.
గొర్రె ఈ ఆకు మేస్తే
దాని నెత్తురు ఆ అంగీని యాదికి పెట్టుకుంటది.
రేపు దొంగ అదే తొడుక్కొని వస్తే
మంద కుక్క లెక్క మీద పడ్తది."

చెట్టుకు పాఠం చెప్పిన్రు.
నేను తొమ్మిదిలనే బడి మానేసిన.

కుర్మయ్య మామకు ఈ ముచ్చట శానా దినాలు చెప్పలె.
మొన్నటేడు కృష్ణ ఒడ్డుకు మందను తోలుకపోయిండు.
ముక్కులు కారినయి, నోళ్లు పుండ్లయినయి,
ఒక్క వారంల నలభై ఆరు.
సూదిమందు రాలేదా అంటే, వచ్చింది.
ఐసుడబ్బాల వచ్చింది.
జడ్చర్ల దాటినంక ఐసు నీళ్లయింది.
నీళ్లల్ల తేలుతున్న సీసాను ఎండకు ఎత్తి చూసి
డాక్టరు సారు ఏమనక బండి తిప్పుకున్నడు.

చెప్పినంక మామ అడిగింది ఒక్కటే:
"ఆకుకు ఐసు అక్కర లేదు గదా?"
లేదన్న.
"పైస?"
మేతకయ్యేంతే అన్న.
చేతుల బీడీ ఆరిపోయేదాక నవ్విండు.
"మరెప్పుడిస్తరే?"

కోతనాడు కాగితమొచ్చింది.
ఆకు, తీగ, ఊడ, వేరుకంటిన మట్టి,
అన్నీ కాల్చాలె.
కాయలు లెక్కవెట్టి రాసి కాల్చాలె.
పక్క చెల్కల కలవొద్దు, కాకి నోట్లె పడొద్దు.
"అంతా రుజువైనంకనే ఏదైనా" అన్నది మేడం,
నా దిక్కు చూడకుండ.

ఆ పూటనే కంచె అవతలికి మామ మంద వచ్చింది.
పచ్చితీగ వాసనకు
జాలీకి మూతులు పెట్టి నిలబడ్డయి గొర్లు.
ఒక్కొక్క చెట్టే మంటల వేసిన.
పల్లికాయ కాలే వాసనొస్తే
మా ఊర్ల పిల్లలు ఉరికొస్తరు.
ఈ మంట కాడికి ఎవ్వరూ రావొద్దు.

పీకినప్పుడు మూడువందల పన్నెండు.
మంటల వేసే ముందు మూడువందల పదకొండు.
మూడుసార్లు ఎంచినం.
మేడం ఎర్రపెన్ను తీసి
"ఒకటి తక్కువ" అని రాసింది.

ఇంటికొచ్చి కొంగు విప్పితే
మడతలకెల్లి టప్పున రాలింది.
రెండు గింజల కాయ. మట్టి ఇంక ఆరనే లేదు.
నేను దొంగతనం చెయ్యలె.
చెయ్యలేదని నాకు తెలుసు,
పొద్దంత చెయ్యబుద్ధయిందని కూడ తెలుసు.

దడి పక్కన మామ కుంటి గొర్రెపిల్ల
లేచొచ్చి నా చెయ్యి వాసన చూసింది.
పిడికిలి మూసిన.
మెత్తటి పెదవులతోటి వేళ్ల సందులన్నీ వెతికింది,
వెచ్చటి ఊపిరి లోపలిదాక దూరింది.
ఎంతసేపు మూసి పెట్టిన్నో తెల్వదు.

రాత్రి ఎనిమిదింటికి
బిజినేపల్లి రోడ్డు దాటి మళ్ల ఆ గేటు కాడ నిలబడ్డ.
మేడం ఇంక పోలె.
ఏం అడగలె.
కాయను తక్కెట్ల పెట్టి తూచింది,
రాసింది కొట్టేసింది,
పక్కన సంతకం పెట్టమన్నది.

చెయ్యి కడుక్కోవడం మరిచిన.
నా పేరు సగం దాక మంచిగనే వచ్చింది,
మిగిలిన సగం
గొర్రెపిల్ల ఎంగిలికి అలుక్కపోయింది.