నడిచి దాటిన కనుమ

ఇరవై ఆరేళ్లు ఈ కొండను
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాటాను.
పోరుమామిళ్ల నుంచి సీతారాంపురం:
పదిమంది నిలబడి, ఒక మేకపిల్ల,
వంద నోటు, చిల్లర లేదు.
మలుపులన్నీ మాలకొండయ్యవి.
నా వంతుకు వచ్చింది
కడ్డీ మీద చెయ్యి, ఎవరిదో వాంతి వాసన,
పైకి పోయేకొద్దీ దిబ్బళ్లు పడే చెవులు.

రిటైరైన మూడో నెల ఖాదర్‌బీ అడిగింది,
"పైన ఏముందో చూడకుండానే పోతామా మే?"
ఉదయగిరిలో ఆమె కొయ్య గరిటెలు చెక్కుతుంది.
కొయ్య కోసం వాళ్ల నాయన ఎక్కిన దారి ఆమెకు తెలుసు.
తెలుసంటే, విన్నది.

ఘాట్ మొదట్లో దిగుతుంటే
కొత్త కండక్టరు పిల్లోడు తలగోక్కున్నాడు.
"ఈడ స్టేజి లేదే అక్కా."
నిజమే. ఇన్నేళ్లు నేనూ అదే చెప్పాను.

తెల్లారగట్ల చలి ఇంకా రాళ్లలోనే ఉంది.
పాత బండ్లబాట,
బండమీద చక్రం తొలిచిన గాడి,
అందులో గుక్కెడు వాననీళ్లు.
మొదటి గంట మాటలే మాటలు.
రెండో గంటకు ఆమె కోడలి సంగతి
సగంలో ఆగిపోయింది, ఇప్పటికీ మిగతాది నాకు తెలీదు.
ఆ తర్వాత మోకాళ్లే మాట్లాడుకున్నాయి.
కలివి ముళ్లు కొంగు పట్టుకుని
టికెట్ చూపించమన్నాయి.
ఊపిరి తీసుకోవడానికి
ఎన్ని అబద్ధాలు చెప్పుకున్నామో:
చెప్పులో రాయి అని నేను,
అదేదో పిట్ట అని ఆమె.

కనుమ మీద ఏమీ లేదు.
దారినపోయేవాళ్లు తలా ఒకటి వేసిన రాళ్ల కుప్ప.
గాలి.
వెనక సగిలేరు లోయ మంచులో,
ముందర నెల్లూరు వైపు
బత్తాయి తోటలు పచ్చటి మాసికల్లా.
కూర్చున్నాం. చెమట ఆరింది.
ఎప్పుడూ గలగలమనే నా నడుం దగ్గర
సంచి లేదని అప్పుడు గుర్తొచ్చింది.

సెల్లులో ఒక్క గీత సిగ్నల్.
మాలకొండయ్యకు చేశాను.
కనిగిరిలో కూతురింట్లో ఉన్నాడు,
రెండు కళ్లకూ శుక్లం.
"ఏం కనపడతా ఉండాది?"
చెప్పడం రాలేదు నాకు.
"రోడ్డు" అన్నాను. "నువ్వు గీసినట్టుండాది."
కాసేపు గాలి మాత్రమే వినపడింది ఆయనకు, నాకు.
"పదకొండో మలుపులో
గొడుగు మాదిరి రాయి ఒకటుంటాది, ఉండాదా?"
ఆ మలుపు మీదుగా ఎన్ని వేలసార్లు
తల వంచుకుని చిల్లర లెక్కపెట్టానో.
వెతికాను. ఉంది.
"ఉండాది" అన్నాను.
"అయితే సరే" అని పెట్టేశాడు.

కుప్ప మీద రెండు రాళ్లు వేశాను.
రెండోది ఎందుకని ఖాదర్‌బీ అడగలేదు.

దిగడం ఎక్కడంకన్నా కష్టం, ఎవరూ చెప్పరు.
బొటనవేలి గోరు నల్లబడింది.
మధ్యాహ్నానికి బత్తాయి తోట,
మోటారు తొట్టి,
పాచి పట్టిన గట్టు మీద నాలుగు పాదాలు.
నీళ్లు తాకగానే ఇద్దరం ఒకేసారి
"అబ్బా" అన్నాం, చిన్నపిల్లలకు మల్లే నవ్వాం.
తోట కాపలా ఆయన వెంగళయ్య
రాగిసంగటి, మజ్జిగ, చితగ్గొట్టిన ఎర్రగడ్డ పెట్టి
"ఎందుకమ్మా, బస్సుంది గదా" అన్నాడు.
మజ్జిగ ఇంకో లోటా అడిగాను, అదే జవాబు.

నులక మంచం మీద ఖాదర్‌బీ గురక.
ఆమె తల కింద పైనుంచి తెచ్చిన కొయ్యముక్క,
గరిటె అవుతుందో లేదో ఇంకా తేల్చుకోలేదు.
పొద్దు వాలింది. అయిదుంపావు బస్సు
తోట అవతల హారను కొట్టింది.
నోటి దాకా వచ్చిన "రైట్"ను
అట్టే మింగేశాను, బత్తాయి తొనతో పాటు.

కళ్లు మూస్తే మంచం ఇంకా ఎక్కుతానే ఉంది.
పిక్కలు తమ బాకీ అడుగుతున్నాయి.
ఉండండమ్మా,
దిగేటప్పుడు ఇస్తా చిల్లర.